స్మరణ: ఋణమా? సంత సరకా?

చంద్రాపురము కోటగోడల చుట్టుపట్ల ఏ మైదానమునకైనను సాయంసమయమున పోయి చూడుడు. మన తెలుగు పిల్లలును, మరాఠీ పిల్లలును కలిసి బంతి తన్నుచుందురు. వారి వీపులమీద ఇంగ్లండు, స్పెయిను దేశముల క్లబ్బులలో ఆడువారి పేర్లుండును. ఎఱ్ఱ జెర్సీ తొడిగిన పిల్లవానిని పిలిచి, 1958 ఫిబ్రవరి 6వ తేదీన మాంచెస్టరు జట్టునకు ఏమైనదని అడిగినచో, చేతిఫోనులో చూచిన నాలుగు మాటలైనను చెప్పగలడు. రహీమ్ సాహెబు ఎవరని అడిగినచో నేలచూపులు చూచును. తప్పు పిల్లవానిది కాదు. అతనికి ఫోను కొనియిచ్చి, కథ చెప్పని పెద్దలది. అనగా మనది.

“ఎక్కడి మ్యూనిక్కు, ఎక్కడి చాందా? ఆ గొడవ మన సంచికలో ఎందుకు?” అని కొందరు పెద్దలు అడుగవచ్చును. ఎందుకనగా, పోయినవారిని ఎట్లు తలచుకొనవలెనో, ఎట్లు తలచుకొనరాదో ఆ యొక్క ఉదంతమే మనకు నేర్పగలదు. అది నేర్చుకొన్నగాని, మనము ఎవరిని మరచితిమో మనకు తెలియదు.

మొదట జరిగినది చెప్పుదుము. మాంచెస్టర్ యునైటెడ్ జట్టు బెల్‌గ్రేడులో రెడ్ స్టార్ జట్టుతో 3–3గా ఆడి, యూరపు కప్పులో ముందునకు సాగి, ఇంటికి తిరిగి వచ్చుచుండెను. ఇంధనమునకై విమానము మ్యూనిక్కులో దిగినది. రన్‌వేమీద కరగిన మంచు బురదయై యుండెను. రెండు మారులు పైకి లేచుటకు యత్నించి ఆగి, మూడవమారు లేవలేక, కంచెను దాటి ఒక ఇంటిని ఢీకొన్నది. విమానములోని 44 మందిలో 23 మంది మరణించిరి. వారిలో ఆటగాండ్రు ఎనిమిదిమంది: రోజర్ బైర్న్, జెఫ్ బెంట్, ఎడ్డీ కోల్మన్, మార్క్ జోన్స్, డేవిడ్ పెగ్, టామీ టేలర్, లియామ్ వేలన్, డంకన్ ఎడ్వర్డ్స్. ఇరువదియొక్క యేండ్ల ఎడ్వర్డ్స్ ఆసుపత్రిలో పదునైదు దినములు మృత్యువుతో పోరాడి ఫిబ్రవరి 21న కన్నుమూసెను.

ఆ క్లబ్బు అభిమానులు ఈ దినమును మరువలేదు. వారి స్టేడియము గోడకు ఆ తేదీ వ్రాసిన గడియారమొకటి కలదు. ప్రతి యేట ఫిబ్రవరి 6న జనము అచ్చట చేరి మౌనము పాటింతురు. ప్రమాదము తరువాత ఆడిన మొదటి ఆటనాడు, ఫిబ్రవరి 19న, అచ్చు వేసిన కార్యక్రమ పత్రములో యునైటెడ్ జట్టు పేర్లుండవలసిన చోట పదునొకండు ఖాళీలు వదలిరి. ఎవరు ఆడుదురో ఎవరికిని తెలియని దినమది. ఆ ఖాళీలకంటె గొప్ప సంపాదకీయమును ఆనాడు ఏ పత్రికయు వ్రాసియుండదని మా నమ్మకము. 2008లో ఏబదియేండ్లు నిండినప్పుడు ఎదుటి జట్టు ఆ ఊరిదే యైన మాంచెస్టర్ సిటీ. ఆజన్మవైరులైన సిటీ అభిమానులు మౌనము చెఱతురేమోనని అందఱును భయపడిరి. వారు చెఱపలేదు. యునైటెడ్ ఆటగాండ్రు వ్యాపార సంస్థ పేరు లేని పాతకాలపు జెర్సీలు తొడిగిరి. ఆటలో సిటీ 2–1తో గెలిచెను. ఇది ఉత్తమ స్మరణ.

ఇక నాణెమునకు రెండవ ప్రక్క చూడుడు. మా వాదము ఇచ్చటనే ఆరంభమగుచున్నది.

మరణించినవారు ఇరువదిముగ్గురు. పత్రికలును, టెలివిజనును పదేపదే చూపునది ఎనిమిదిమందిని. ఆ ఎనిమిదిమందిలోను ఎడ్వర్డ్స్ ఒక్కడే పెద్ద పటము. మరి తక్కినవారు? క్లబ్బు కార్యదర్శి వాల్టర్ క్రిక్మర్, శిక్షకులు టామ్ కర్రీ, బర్ట్ వేలీ పోయిరి. పత్రికారచయితలు ఎనిమిదిమంది పోయిరి. వారిలో ఫ్రాంక్ స్విఫ్ట్ ఒకప్పుడు వైరిజట్టైన సిటీకి గోల్‌కీపరు. విమానసిబ్బందిలో ఇద్దఱు, యాత్ర ఏర్పాట్లు చూచినవాడొకడు, జట్టు వెంట పోయిన అభిమాని యొకడు పోయిరి. పత్రికలు తమ వృత్తిలోని ఎనిమిదిమందినే వెనుక వరుసకు నెట్టినప్పుడు, సహాయవైమానికుని పేరును, భోజనము వడ్డించినవాని పేరును ఎవరు తలతురు?

చచ్చినవారి సంగతి అట్లుండగా, బ్రతికినవారి సంగతి వినుడు. జానీ బెర్రీ, జాకీ బ్లాంచ్‌ఫ్లవర్ గాయములతో బయటపడిరి, మరల ఆడలేదు. ఆట పోయినది, జీతము పోయినది, క్లబ్బు ఇచ్చిన ఇండ్లును విడువవలసి వచ్చెను. బ్రతికియున్నవారికిని, మృతుల కుటుంబములకును సాయముగా ఒక పెద్ద ఆట జరుగుటకు 1998 ఆగస్టు రావలసి వచ్చెను. నలువది యేండ్లు! అదియును ఒక ప్రఖ్యాత ఫ్రెంచి ఆటగాని వీడ్కోలుతో జతచేసిరి. విమానచోదకుడు జేమ్స్ థేన్ గతి మరియు ఘోరము. రెక్కలమీది మంచు తొలగింపలేదని జర్మను విచారణ ఆయనపై నేరము మోపెను. ఉద్యోగము పోయినది. తప్పు ఆయనది కాదు, రన్‌వేమీది మంచుబురదది అని బ్రిటిషు విచారణ తేల్చునప్పటికి 1969వ సంవత్సరము వచ్చెను. 1975లో ఆయన మరణించెను. నింద పెద్ద అక్షరములతో అచ్చగును. నిర్దోషిత్వము చిన్న అక్షరములతో వచ్చును. ఇది ఏ దేశపు పత్రికకైనను పట్టిన చీడ.

అభిమానులలోను అందఱు 2008 నాటి సిటీవారివంటివారు కారు. రెక్కలు చాచి విమానము పడిపోవుచున్నట్లు అభినయించి, మృతులపై పాటలు కట్టి ఎదుటివారిని గేలిచేయు వైరిమూకలు ఇంగ్లండు స్టేడియములలో కనబడుచునే యున్నవి. ఇక యునైటెడ్ అభిమానులలో కొందఱికి ఆ దుర్ఘటన గర్వకారణమైనది. “మాకు జరిగినంత దుఃఖము ఎవ్వరికిని జరుగలేదు” అనుట దుఃఖము కాదు, డాంబికము. వారికి టొరీనో తెలియదా? 1949 మే 4న లిస్బను నుండి తిరిగి వచ్చుచున్న ఇటలీ విజేతజట్టు విమానము ట్యూరిను చెంత సూపెర్గా కొండను తాకి 31 మంది మరణించిరి. మిగిలిన నాలుగు ఆటలను టొరీనో తన బాలురజట్టుతో ఆడినది. ఎదుటి క్లబ్బులును తమ బాలురనే దింపినవి. నేటికిని ప్రతి మే 4న జట్టు నాయకుడు కొండపై నిలిచి, మృతుల పేర్లను ఒక్కొక్కటిగా బిగ్గఱగా చదువును. ఉపన్యాసము లేదు, ఉపమానము లేదు, పేర్లు మాత్రమే. 1993 ఏప్రిల్ 27న గాబను తీరమున సముద్రములో కూలిన విమానములో జాంబియా జాతీయజట్టు నశించెను. 2012లో అదే గాబను దేశమున, ఆ తీరనగరముననే, జాంబియా ఆఫ్రికా కప్పు గెలిచెను. 2016 నవంబరులో బ్రెజిలుకు చెందిన షాపెకోయెన్సె జట్టు విమానము కూలి 71 మంది మరణింపగా, వారితో తుదిపోటీ ఆడవలసిన కొలంబియా క్లబ్బు, కప్పును మృతులజట్టుకే ఇమ్మని కోరెను.

ఈ ఉదాహరణములనుండి మేము తీయు సారము మూడు మాటలు. స్మరణమనగా అందఱి పేర్లు చెప్పుట, ఒక దినమును నిలుపుట, మిగిలినవారి ఋణము తీర్చుట. మూడవది లేనిచో మొదటి రెండును సంతలో అమ్ము పటములు.

ఇప్పుడు మన ఇంటికి వత్తము. 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలిచిన జట్టు ఏది? హైదరాబాదు నగర పోలీసు జట్టు. దానిని తీర్చిదిద్దినవాడు ఉపాధ్యాయవృత్తినుండి వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో బంగారుపతకము గెలిచెను. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందెను. ఆ మెల్బోర్న్ జట్టులో పీటర్ తంగరాజ్, అజీజ్, నూర్ మహమ్మద్, తులసీదాస్ బలరామ్ మొదలైన హైదరాబాదువారు పెక్కురుండిరి. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో, లక్షమంది ఎదురుతిరిగి అరచుచుండగా, దక్షిణ కొరియాను 2–1తో ఓడించి మనవారు మరల బంగారము తెచ్చిరి. రహీమ్ సాహెబు దేహమును అప్పటికే క్యాన్సరు తినివేయుచుండెను. 1963 జూన్ 11న ఆయన మరణించెను. ఆ తరువాత నేటివరకు ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ బంగారము మన దేశమునకు రాలేదు.

మ్యూనిక్కును, దీనిని మేము సమానము చేయుటలేదు. అచ్చట మరణము ఒక్క నిమిషములో వచ్చెను. ఇచ్చట ఒక గురువు పోయెను. ఆ పిమ్మట జట్టు వైభవమును, దాని జ్ఞాపకమును ఏండ్ల తరబడి మెల్లగా క్షీణించెను. మంటలు లేవు గనుక పటములు తీయువారు రాలేదు. ఏ గోడమీదను గడియారము లేదు. సికింద్రాబాదు చెంత పుట్టి, అనారోగ్యముచే ఇరువదియేడేండ్ల ప్రాయముననే ఆట మానిన బలరామ్, 2023 ఫిబ్రవరిలో బెంగాలులో మరణించెను. తెలుగు ఇండ్లలో ఎన్నింట ఆ దినమున ఆయన మాట వచ్చెను? 2024లో రహీమ్ సాహెబు కథను హిందీ చలనచిత్రముగా బొంబాయివారు తీసిరి. మెచ్చుకొందుము. కాని మన కథను మనకు హిందీలో ఒకరు చెప్పువరకు మనము నోరు మెదపకపోవుట సిగ్గుచేటు.

“ఆయన ఉర్దూ మాట్లాడువాడు గదా, తెలుగు సంచికకు ఏమి సంబంధము?” అను ప్రశ్నయు వచ్చును. ఈ ప్రశ్న చంద్రాపురమున నివసించు తెలుగువాడు అడుగరానిది. గనులకును, కాగితపు మిల్లుకును వచ్చి తరతరములుగా ఇచ్చట స్థిరపడిన మనలను “మీరు ఎవరివారు?” అని అడిగినప్పుడు, పుట్టిన నేలయు, పనిచేసిన నేలయు రెండును మావే అందుము గదా! మనకొక న్యాయము, రహీమ్ సాహెబుకొక న్యాయమా? ఒక సంగతి జ్ఞప్తికి తెత్తుము. వార్ధా నదికి ఆవల బల్లార్షాకు ఎదురుగానున్న రాజురా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలోనిది. ఆ పోలీసు జట్టు అయిదు కప్పులు గెలిచినప్పుడు అది రాజురావారికి స్వంత రాష్ట్రపు జట్టు. మనలో కొందఱి తాతలు ఆ రాజురా వారే.

కావున ఏమి చేయవలెను? శిలావిగ్రహము అక్కఱలేదు. విగ్రహము నిలిపి దండవేసి మరచుటకు మనకు అలవాటు ఎక్కువ. కలకత్తాలో 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్సులో త్రొక్కిసలాటలో పదునారుగురు ప్రేక్షకులు మరణించిరి. ప్రతి యేట ఆ దినమున అచ్చటి ఫుట్‌బాల్ అభిమానులు రక్తదానము చేయుదురు. మృతుల పేర బ్రతికియున్నవానికి మేలు, స్మరణమన్న అది.

మనము జూన్ 11ను ఎన్నుకొందము. ఆ సాయంకాలము మన సంఘపు పిల్లలు, మరాఠీ పిల్లలు, గోండు పిల్లలు కలిసి ఒక ఆట ఆడవలెను. ఆటకు ముందు జకార్తా జట్టు పేర్లన్నియు, బెంగాలీ, పంజాబీ, మలయాళీ, గోవావారనక, ఒక పిల్లవాడు బిగ్గఱగా చదువవలెను. మన గనులలోను, మిల్లులోను పనిచేసి, పని దిగిన వెనుక బంతియాడిన వృద్ధులు ఏ వాడలో నున్నను వెదకి, వారి నోట విని, వారి పేర్లను వచ్చు సంచికలో అచ్చువేయవలెను. వారిలో మందులకు డబ్బులేనివాడున్నచో, ముందు మందులు. తరువాత సన్మానపు శాలువ.

ఆనాడు ఆ ఎఱ్ఱ జెర్సీ పిల్లవాడు మ్యూనిక్కు కథను మానుకొననక్కఱలేదు. ఆ ఇరువదిమువ్వురి పేర్లును నేర్చుకొనవచ్చును. కాని రహీమ్ సాహెబు ఎవరని అడిగినప్పుడు మాత్రము తల ఎత్తి సమాధానము చెప్పవలెను. ఆ సమాధానము వానికి నేర్పు భారము మనదే.