హలాల్ అనే మాట రసీదు కాదు

రంజాన్ మాసం రాగానే మన ఇళ్లలో డబ్బు కదులుతుంది. జకాత్ లెక్క తీస్తాం, ఫిత్రా పక్కన పెడతాం, పిల్లలకు కొత్త బట్టలు కొంటాం, ఉమ్రాకు దాచుకున్న సొమ్మును మరోసారి లెక్కపెట్టుకుంటాం. ఈ సంగతి మోసగాళ్లకూ తెలుసు. అందుకే ఈ రోజుల్లోనే మన సెల్‌ఫోన్లకు ఈద్ కానుకల లింకులు, సగం ధరకు ఉమ్రా ప్యాకేజీలు, అనాథల పేరిట క్యూఆర్ కోడ్‌లు, ‘వడ్డీ లేని హలాల్ క్రిప్టో’ ఆహ్వానాలు వచ్చిపడతాయి. మా ముడిమ్యాల వంటి పల్లెలకు మరో ప్రమాదం కూడా ఉంది. నగరం చేవెళ్ల, మొయినాబాద్ వైపు విస్తరించిన కొద్దీ భూములకు ధర వచ్చింది. తాతల నాటి ఎకరం అమ్మిన కుటుంబం చేతికి ఒక్కసారిగా పెద్ద మొత్తం వస్తోంది. దాన్ని ఎక్కడ పెట్టాలో చెప్పేవారు తక్కువ, లాక్కునేవారు ఎక్కువ.

మతం పేరు చెప్పి పెట్టుబడులు సేకరించడం మనకు కొత్త కాదు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన హీరా గ్రూపు వడ్డీ లేని వ్యాపారమని చెప్పి, ఏడాదికి 36 శాతం వరకు లాభం ఆశ చూపింది. మదుపరులను మోసగించారన్న ఆరోపణపై 2018 అక్టోబరులో దాని అధినేత్రి నౌహీరా షేక్‌ను పోలీసులు అరెస్టు చేశారు. మరుసటి ఏడాది జూన్‌లో, ఈద్ ముగిసిన కొద్ది రోజులకే, బెంగళూరులోని ఐఎంఏ సంస్థ అధిపతి మన్సూర్ ఖాన్ కనిపించకుండా పోయారని తెలిసి వేలాది మంది ఆ కార్యాలయం ముందు బారులు తీరారు. కూతురి పెళ్లికి దాచిన డబ్బు, పింఛను సొమ్ము, అమ్మిన నగల విలువ అన్నీ అందులో ఉన్నాయి. జులైలో ఆయనను ఢిల్లీలో అరెస్టు చేశారు. ఆ కుటుంబాలు అత్యాశపరులని కొట్టిపారేయడం అన్యాయం. వడ్డీకి దూరంగా ఉండాలన్న వారి నిష్ఠనే వారికి వలగా వేశారు.

ఆ సంస్థలకు కనీసం ఒక తలుపు ఉండేది, వెళ్లి తట్టడానికి. నేటి క్రిప్టో మోసానికి ఆ తలుపు కూడా లేదు. టెలిగ్రామ్ గ్రూపులో చేరుస్తారు. ఒక యాప్ ఇస్తారు. అయిదు వేలు పెడితే వారంలో ఏడు వేలు అయినట్టు చూపిస్తారు. నమ్మకం కుదరడానికి మొదటిసారి కొంత తీసుకోనిస్తారు కూడా. లక్షలు పెట్టాక, తీసుకోవాలంటే ముందు పన్ను కట్టమంటారు. తెరపై కనిపించిన లాభం ఏనాడూ లేదని అప్పుడు తెలుస్తుంది. ‘ప్రభుత్వమే క్రిప్టోపై 30 శాతం పన్ను వేసింది, అంటే గుర్తించినట్టే కదా’ అని కొందరు వాదిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి పన్ను ఉన్న మాట నిజమే. పన్ను వేయడం హామీ ఇవ్వడం కాదు. బ్యాంకులో ఉన్న డిపాజిట్‌కు 5 లక్షల రూపాయల వరకు బీమా ఉంది. క్రిప్టోకు అలాంటి రక్షణ ఏదీ లేదు.

మన నమ్మకాన్ని వాడుకున్నట్టే మన భయాన్నీ వాడుకుంటున్నారు. సీబీఐ నుంచి, ఈడీ నుంచి మాట్లాడుతున్నామంటూ వీడియో కాల్ చేసి, ‘నీ ఆధార్ ఉగ్రవాద కేసులో దొరికింది, డిజిటల్ అరెస్టు చేశాం’ అంటారు. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. అయినా ముస్లిం పేరు ఉన్న మనిషికి ఆ మాట వినగానే చేతులు వణుకుతాయి. ఆ వణుకు ఎందుకో మనందరికీ తెలుసు. మోసగాడికీ తెలుసు.

అంతకంటే ప్రమాదం మన పిల్లలకు పొంచి ఉంది. ‘నీ బ్యాంకు ఖాతా, సిమ్ము కొన్నాళ్లు వాడుకుంటాం, నెలకు ఇంత ఇస్తాం’ అని నిరుద్యోగ యువకులను అడుగుతున్నారు. దోచిన సొమ్ము ఆ ఖాతాల గుండా పోతుంది. దోచినవాడు ఎక్కడో దూరదేశంలో ఉంటాడు, పోలీసులు వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉందో ఆ ఇంటికే. ఆ తరువాత ఆ కుర్రవాడికి పాస్‌పోర్టు, ఉద్యోగం, సంబంధం అన్నీ కష్టమే. మన కుర్రవాడైతే వార్తలో అతని పేరుకంటే ముందు అతని మతం కనిపిస్తుంది. ఈ ఒక్క విషయం ప్రతి తల్లీ తండ్రీ ఈద్‌కు ముందే ఇంట్లో కూర్చోబెట్టి చెప్పాలి.

మోసపోయాక మనం చేసే పెద్ద తప్పు మౌనం. పరువు పోతుందని, జమాత్‌కు చెడ్డపేరు వస్తుందని నోరు మూసుకుంటాం. వెంటనే 1930కి ఫోన్ చేస్తే, సొమ్ము చేతులు మారకముందే ఆ ఖాతాను నిలిపివేయించే అవకాశం ఉంటుంది. ఒక్క రాత్రి ఆలోచిస్తూ కూర్చుంటే ఆ అవకాశం తరిగిపోతుంది. ఫిర్యాదు చేయడం సమాజానికి ద్రోహం కాదు, పౌరులుగా మన హక్కు. హక్కుల కోసం పోరాడే మనం ఈ హక్కును మాత్రం ఎందుకు వదులుకోవాలి?

ఉద్యోగ జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపిన మాకు ఒక సంగతి బోధపడింది. కాగితం అడిగితే నిజాయితీపరుడు నొచ్చుకోడు. ఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయత్, అల్ బఖరా సూరాలోని 282వది, అప్పు లావాదేవీని రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని చెబుతుంది. అలాంటప్పుడు ‘భాయ్ భాయ్ మధ్య రాతకోతలెందుకు’ అనేవారిని ఎలా నమ్మడం? సంస్థ రిజిస్ట్రేషన్ ఏది, డిపాజిట్లు తీసుకునే అనుమతి ఎవరిచ్చారు, లాభం ఏ వ్యాపారం నుంచి వస్తుంది అని అడగాలి. డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టాల్సిన పని లేదని ఇంట్లోని పెద్దలకు ఓపికగా చెప్పాలి. జకాత్‌ను ముందు మనకు తెలిసిన ఇంటి గడపలో, చేతికి చేయి తగిలేలా ఇవ్వాలి.

మస్జిద్ కమిటీలకు ఒక మనవి. వచ్చే జుమా నాడు ఖుత్బా ముగిశాక అయిదు నిమిషాలు ఈ విషయానికి ఇవ్వండి. నమాజు వేళలు రాసే బోర్డు మీద, ఇఫ్తార్ సమయం కింద, 1930 అని కూడా రాయించండి.