సిగ్నల్‌కు అవతల ఎవరున్నారు?

2023 అక్టోబరు 21న శ్రీహరికోటలో గగన్‌యాన్ పరీక్ష వాహనం టీవీ-డీ1 ఎగరడానికి 5 సెకన్ల ముందు కంప్యూటర్ తనంతట తానే ప్రయోగాన్ని ఆపేసింది. లోపం సరిచేశాక ఉదయం 10 గంటలకు వాహనం నింగికెగిసింది. అక్కడి అంతరిక్ష కేంద్రం షార్‌ను ఆనుకుని బతికే సూళ్లూరుపేట లాంటి ఊళ్లో యంత్రం లెక్క మీద గురి కుదరడం సహజం. అలాంటి గురినే ఆసరా చేసుకుని చిన్న పట్టణాల యువతకు ‘ఎప్పుడు కొనాలో, ఎప్పుడు అమ్మాలో మా అల్గో (కంప్యూటర్ అల్గారిథమ్) చెబుతుంది’ అంటూ షేర్ల సిగ్నళ్లు అమ్ముతున్నారు.

కానీ రాకెట్ లెక్కకూ, ఈ సిగ్నళ్లకూ పోలిక లేదు. మన లెక్క చూసి గురుత్వాకర్షణ తీరు మార్చుకోదు. మార్కెట్ మార్చుకుంటుంది. అక్కడ మనం కొంటున్నామంటే అవతల ఎవరో అమ్ముతున్నారు. ఆ అమ్మేది తరచూ మనకంటే వేగమైన యంత్రం.

సిగ్నల్ తయారీ నిజానికి కష్టం కాదు. 5 రోజుల సగటు ధర 20 రోజుల సగటును దాటితే కొను, కిందికి దిగితే అమ్ము. ఈ సూత్రాన్ని పాత ధరల మీద నడిపి చూడటాన్ని బ్యాక్‌టెస్ట్ అంటారు. 5 బదులు 7, 20 బదులు 23 అంటూ వెయ్యి రకాలుగా మార్చి చూస్తే, కొన్ని కేవలం కాకతాళీయంగా లాభాల పంట పండిస్తాయి. కొనేవాడికి చూపించేది వాటినే. మిగతా వందల విఫల ప్రయత్నాల ఊసుండదు. పైగా ధరల చరిత్రలో అన్నీ ఉండవు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు ఖాతాల్లో మోసాన్ని ఒప్పుకున్న లేఖ బయటపడి, ఆ కంపెనీ షేరు ఒక్కరోజులోనే నాలుగింట మూడొంతులకు పైగా విలువ కోల్పోయింది. పాత చార్టులు ఎంత తిరగేసినా ఆ లేఖ దొరికేది కాదు.

మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో వెల్లడించిన అధ్యయనం మరింత కలవరపెడుతుంది. మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ (ఎఫ్‌అండ్‌ఓ) ట్రేడింగ్‌లో 93 శాతం వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయల పైమాటే. 2023-24లో ఈ ట్రేడర్లలో 72 శాతానికి పైగా అగ్రశ్రేణి 30 నగరాల వెలుపలివారు. బ్రోకరేజి, పన్నులు వగైరా ఖర్చులకే ఒక్కొక్కరికి సగటున 26 వేల రూపాయలు పోయాయి. అదే ఏడాది విదేశీ సంస్థాగత మదుపరుల లాభాల్లో 97 శాతం, సొంత డబ్బుతో ట్రేడింగ్ చేసే సంస్థల లాభాల్లో 96 శాతం అల్గోల ద్వారానే వచ్చాయి. అంటే అల్గోలు పనిచేయవని కాదు. పనిచేసేవి ఎవరి చేతిలో ఉన్నాయన్నదే ప్రశ్న.

అమెరికా ట్రేడింగ్ సంస్థ జేన్ స్ట్రీట్‌పై 2025 జులైలో సెబీ ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులో ఒక ఆరోపణ ఉంది. ఆ సంస్థ పొద్దున బ్యాంక్ నిఫ్టీ సూచీలోని షేర్లు కొని ధర పెంచుతూ, సూచీ పతనమైతే లాభమిచ్చే ఆప్షన్లను పెద్దఎత్తున పోగేసి, తర్వాత ఆ షేర్లు అమ్మేసిందని. సంస్థ దీన్ని ఖండిస్తోంది, వివాదం తేలాలి. అయితే అలాంటి ఉదయాన ధరల ఊపును చూసి నడిచే ఏ యంత్రమైనా ‘కొను’ అనే చెబుతుంది.

2025 ఫిబ్రవరి 4 నాటి సర్క్యులర్‌లో సెబీ అల్గో ఆర్డర్లకు గుర్తింపు సంఖ్య తప్పనిసరి చేసింది. లోపలి తర్కం చూపని అల్గోలు అమ్మేవారు రీసెర్చ్ అనలిస్టులుగా నమోదు కావాలంది. మంచిదే, కానీ చాలదు. నిజమైన ఖాతాలలో, ఖర్చులన్నీ పోను, ఒక్కో అల్గో వాడినవారిలో ఎంతమంది నష్టపోయారో అమ్మే ముందే తెలుగులో రాసి ఇచ్చేలా చేయాలి.