కలానికీ కూలి ఉంది

“మన సముదాయం కోసమే కదా, కొన్నాళ్లు రాసిపెట్టమ్మా. అనుభవం వస్తుంది, ధ్రువపత్రం ఇస్తాం.” మన సంస్థల్లో, పత్రికల్లో యువతీయువకులకు తరచుగా వినిపించే మాట ఇది. నివేదికలు, అనువాదాలు, కరపత్రాలు అన్నీ రాయించుకుంటాం. ముద్రణాలయానికి డబ్బు కడతాం. సభకు షామియానా వేసినవారికి ఆ పూటే చెల్లిస్తాం. రాసినవారిని మాత్రం ‘జజాకల్లాహ్’ అని సాగనంపుతాం.

ఇది న్యాయమేనా? ఖుర్ఆన్ ఖసస్ అధ్యాయంలోని ఘట్టాన్ని గుర్తు చేసుకుందాం. మద్‌యన్ నీటి రేవు వద్ద ఇద్దరు ఆడపిల్లల మందకు మూసా (అ) నీళ్లు పెట్టారు. కూలి అడగకుండా నీడకు వెళ్లిపోయారు. అయినా ఆ పిల్లల తండ్రి ప్రతిఫలం ఇస్తానని కబురంపి పిలిపించారు. అడగకపోవడం శ్రమించినవారి ఔదార్యం. అడగలేదు కదా అని ఊరుకోకపోవడం మేలు పొందినవారి ధర్మం. బద్ర్ ఖైదీలలో సొమ్ము చెల్లించలేని అక్షరాస్యులు మదీనా పిల్లలకు చదువు నేర్పితే, దానినే విడుదల మూల్యంగా దైవప్రవక్త (స) స్వీకరించారని చరిత్రకారులు రాశారు. శత్రువు అక్షరానికే విలువ కట్టిన సంప్రదాయం మనది.

రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. ఆకలి, పేదరికం కూడా మనిషిని బలవంతపెట్టేవేనని 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇంటర్న్‌షిప్‌కు ఈ సూత్రం చట్టరీత్యా ఎంతవరకు వర్తిస్తుందన్నది న్యాయవాదులు తేల్చవలసిన విషయం. నైతికంగా మాత్రం సందేహానికి తావులేదు.

కర్నూలు నుంచి ఒక ఆటో డ్రైవర్ కుమార్తె హైదరాబాదు వచ్చి ఆరు నెలలు జీతం లేకుండా పనిచేయాలంటే హాస్టల్ రుసుము ఎవరు కడతారు? తండ్రి స్తోమత ఉన్నవారే నిలుస్తారు, ఆమె వెనుదిరుగుతుంది. పెద్ద పత్రికల్లో మన గొంతు వినిపించడం లేదని వాపోయే మనమే, ఆ గొంతును మన గుమ్మంలోనే ఆపేస్తున్నాం.

నిధులు లేవన్నది చాలాచోట్ల నిజమే. వృత్తిలో స్థిరపడినవారు ఇష్టపూర్వకంగా రాసిస్తే అది సేవే. కానీ ఉపాధి వెతుక్కునే పిల్లల చేత ఉద్యోగి పని చేయించుకుని దానికి సేవ అని పేరు పెట్టరాదు. ఎంత ఇస్తామో, ఎన్నాళ్లు పనో ముందే కాగితం మీద రాద్దాం. కనీసం దారి ఖర్చులు, భోజనం సమకూరుద్దాం. వ్యాసం కింద రాసినవారి పేరే వేద్దాం. వార్షిక సభ ఖర్చులో కొంత తగ్గించి స్టైపెండ్‌కు కేటాయిద్దాం.

హక్కులు అడిగే చేతులు ముందుగా ఇతరుల హక్కు చెల్లించాలి.