సెలైన్ వెనుక లెక్క

రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45, సోడియం 135 నుంచి 145, పొటాషియం 3.5 నుంచి 5. నర్సింగ్ విద్యార్థులను నిద్రలో లేపి అడిగినా ఈ అంకెలు చెబుతారు. వార్డులో ఈ రోగి ఎందుకంత లోతుగా, వేగంగా ఊపిరి తీస్తున్నాడని అడిగితే మాత్రం చాలామంది తడబడతారు.

తీవ్ర విరేచనాల్లో నీటితోపాటు బైకార్బనేట్ పోతుంది, రక్తంలో ఆమ్లం పాలు పెరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపి దాన్ని సరిదిద్దాలని ఊపిరితిత్తులు తంటాలు పడతాయి. అదే పనిగా వాంతులైతే వ్యవహారం తిరగబడుతుంది, అప్పుడు పోయేది కడుపులోని ఆమ్లం. ఈ తర్కాన్ని రోగి మంచం పక్కనే చెప్పాలి.

మందు ఎక్కించేటప్పుడూ కారణం తెలియాలి: పొటాషియం క్లోరైడ్‌ను సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించాలి. నేరుగా సిరలోకి నెడితే గుండె ఆగిపోవచ్చు. మూత్రం సరిగా వస్తోందా అని చూడకపోయినా ముప్పే.

ఈ తర్కం తెలిస్తే సెలైన్ లేనప్పుడూ దారి దొరుకుతుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులున్న బనగావ్ శిబిరంలో కలరా విజృంభించి, సెలైన్ నిండుకుంది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్లు తాగించారు. సుమారు 30 శాతమున్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. అక్కడ చాలామందికి ఆ నీళ్లు పట్టింది రోగుల బంధువులే!

పరీక్షల్లో నిర్వచనాలు అడగడం తగ్గించి, ఒక రోగి ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్టు చేతికిచ్చి ఏం చేస్తావని అడగాలి.