మెత్తగా ఉంటే చాలదు!

మోటారు సైకిళ్ల మీద దూరాభారాలు తిరిగేవాళ్ల కోసం అమెరికాలో ఒక సంఘం ఉంది. పేరు 'ఐరన్ బట్ అసోసియేషన్'. తెలుగులో చెప్పుకుంటే 'ఇనుప పిరుదుల సంఘం'! అందులో చేరాలంటే 24 గంటల్లో వెయ్యి మైళ్లు, అంటే దాదాపు 1,609 కిలోమీటర్లు బండి నడిపి రుజువులు చూపించాలి. ఆ పరీక్ష పేరు ఇంకా చిత్రం... 'శాడిల్ సోర్'. గుర్రపు జీను మీద కూర్చుని కూర్చుని ఒరిసిపోయి పడే పుండుకి ఇంగ్లిషులో ఆ పేరు. అంతంత దూరాలు పోయేవాళ్లు కూడా ఇంజను పేరో చక్రం పేరో కాకుండా, నొప్పి పుట్టే చోటు పేరే పెట్టుకున్నారంటే దూర ప్రయాణంలో అసలు కష్టం ఎక్కడుందో తెలియడం లేదూ!

మనకి వెయ్యి మైళ్ల పందేలు అక్కర్లేదు. హైదరాబాద్ నుంచి విజయవాడ 270 కిలోమీటర్ల పైచిలుకు. సంక్రాంతికి బస్సులో సీటు దొరక్క బండి మీదే ఊరికి బయల్దేరే జంటలు ఎందరో. మొదటి గంట హుషారుగానే సాగుతుంది. సూర్యాపేట వచ్చేసరికి నడిపే ఆయన సీటు మీద అటూ ఇటూ జరగడం మొదలెడతాడు. కోదాడ దగ్గరపడేసరికి వెనకున్నావిడ 'ఎక్కడైనా కాసేపు ఆపండీ' అంటుంది. నొప్పి మీదికి మనసు పోయిందంటే రోడ్డు మీద ధ్యాస తగ్గినట్టే. కాబట్టి ఇది ఒట్టి సుఖం సంగతి కాదు, క్షేమం సంగతి కూడా.

బండి కొనేటప్పుడు మైలేజీ అడుగుతాం, రంగు చూస్తాం, ధర బేరమాడతాం. సీటుని మాత్రం బొటనవేలితో నొక్కి 'మెత్తగానే ఉంది' అనుకుని వదిలేస్తాం. నొప్పి మొదలయ్యాక సీటు కుట్టేవాళ్ల దగ్గరికెళ్లి 'ఇంకాస్త మెత్తటి స్పాంజి వెయ్యి' అంటాం. చిక్కంతా ఆ మాటలోనే ఉంది.

రెండు ఎముకల కథ

కూర్చున్నప్పుడు ఒంటి బరువు చాలావరకు కటి ఎముకల అడుగున ఉండే రెండు గుబ్బల మీద పడుతుంది. గట్టి బల్ల మీద కూర్చుని అరచేతులు కింద పెట్టుకుంటే అవి చేతికి తెలుస్తాయి. ఆ బరువు రెండు చోట్లే గుచ్చుకోకుండా చుట్టూ పరచడమే సీటు చేయాల్సిన పని.

స్పాంజి మరీ మెత్తగా ఉంటే ఏమవుతుంది? కూర్చోగానే హాయిగా ఉంటుంది. సమయం గడిచేకొద్దీ ఎముకల కింద స్పాంజి పూర్తిగా అణిగిపోయి, అడుగునున్న గట్టి పళ్లెం ఒత్తుకోవడం మొదలవుతుంది. శరీరం లోపలికి కూరుకుపోవడంతో చుట్టూ ఉన్న కండ మీదా ఒత్తిడి పడుతుంది. రక్తం సరిగా ఆడదు, నరాలు నలుగుతాయి. అదే తిమ్మిరి. వదులైన నవారు మంచం మీద పడుకుంటే తెల్లారేసరికి నడుం పట్టేస్తుంది కదా, ఇదీ అంతే. బిగువుగా అల్లిన మంచం మొదట గట్టిగా అనిపించినా పొద్దున లేచేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. షాపులో రెండు నిమిషాలు కూర్చుంటే మెత్తటి సీటే గెలుస్తుంది. మూడు గంటల ప్రయాణంలో గెలిచేది కాస్త బిగువున్న సీటే.

పాత బుల్లెట్ల మీద కింద స్ప్రింగులున్న విడి సీటు చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2009లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ మళ్లీ ఆ ముచ్చట తీర్చింది. గుంతల్లో పడినప్పుడు ఆ స్ప్రింగులు కుదుపుని కొంత మింగుతాయి. అయితే బరువుని పరిచేది మాత్రం సీటు వెడల్పు, ఆకారం, అందులోని స్పాంజి. అవి కుదరకపోతే స్ప్రింగులున్నా నొప్పి తప్పదు.

కత్తి పెట్టేముందు...

ఒకసారి కోసిన స్పాంజి మళ్లీ అతకదు. అందుకని ముందు నొప్పి ఎక్కడో, ఎంతసేపటికో గమనించండి. ఎముకల దగ్గరైతే స్పాంజి సంగతి చూడాలి. తొడల లోపలి వైపు ఒరుసుకుంటుంటే సీటు అంచులు పదునుగా ఉన్నట్టు. బ్రేకు వేసినప్పుడల్లా ట్యాంకు మీదికి జారుతుంటే సీటు ముందుకి వాలి ఉన్నట్టు. కాళ్లు ముందుకి చాపి వెనక్కి వాలి కూర్చునే బండ్ల మీద బరువు తోకెముక మీదికి పోతుంది. అక్కడ నొప్పి వస్తే వెన్ను కిందిభాగానికి ఆసరా కావాలి.

కొన్నిసార్లు నేరం సీటుది కానే కాదు. వెనక జేబులోని పర్సు తీసి చూడండి. ఒకవైపు ఎత్తుగా కూర్చుని వంద కిలోమీటర్లు పోతే నడుం ఊరుకుంటుందా? జీన్స్ కుట్టు సరిగ్గా ఎముక కింద పడినా గుచ్చుకుంటుంది. టైర్లలో గాలి కంపెనీ చెప్పిన కొలతకి మించినా, వెనక షాక్ అబ్జార్బర్లు బరువుకి తగ్గట్టు సర్దకపోయినా ప్రతి గుంతా వెన్నుకి తగులుతుంది. ఇవన్నీ పైసా ఖర్చు లేకుండా చూసుకోగలిగినవి.

తర్వాతి మెట్టు... సీటు మీద కట్టుకునే గాలి దిండు. నచ్చకపోతే తీసేయొచ్చు. కాకపోతే దాన్ని బంతిలా ఊదేస్తారు చాలామంది. అలా చేస్తే బండి మీద నిలకడే ఉండదు. ఊదిన తర్వాత దాని మీద కూర్చుని, ఎముకలు సీటుకి తగలకుండా కొద్దిగా తేలే వరకు గాలి వదిలేయాలి.

అట్టముక్క చెప్పే కొలత

అప్పటికీ నొప్పి తగ్గకపోతే సీటు చేయించుకోవాల్సిందే. దానికి ఇంట్లోనే కొలత తీసుకోవచ్చు. టీవీ పెట్టెకో ఫ్యాను పెట్టెకో వచ్చే గరుకు అట్టముక్కని గట్టి కుర్చీ మీద వేసి ఒక నిమిషం నిటారుగా కూర్చోండి. లేచి చూస్తే రెండు సొట్టలు కనిపిస్తాయి. వాటి మధ్య దూరమే మీ లెక్క. సీటు వెనకభాగం ఆ రెండు సొట్టలకి అటూ ఇటూ కూడా కొంత చోటుండేంత వెడల్పు ఉండాలి. ఆడవాళ్లకి ఈ దూరం సాధారణంగా మగవాళ్ల కంటే కాస్త ఎక్కువ. ఇంట్లో ఇద్దరూ ఆ బండే నడుపుతుంటే ఇద్దరి కొలతలూ తీసుకోవాలి.

విజయవాడ ఆటోనగర్‌లో అయినా, హైదరాబాద్ పుత్లీబౌలిలో అయినా, మీ ఊరి బస్టాండు పక్కన రెక్సిన్ కుట్టే చిన్న షాపులో అయినా అడగాల్సినవి ఇవీ...

స్పాంజి రెండు పొరలుగా వేయమనండి. కింద బిగువైనది, పైన పలచగా మెత్తనిది. కింది పొర బరువు మోస్తుంది, పై పొర హాయినిస్తుంది. ముక్కలు కలిపి అదిమి చేసే రీబాండెడ్ ఫోమ్ కింది పొరకి పనికొస్తుంది.

జెల్ ముక్క పెట్టిస్తే ఒత్తిడి కొంత తగ్గుతుంది. కానీ ఎండలో నిలిపిన బండి మీద అది వేడిని పట్టి ఉంచుతుంది. మన మే నెలలో కూర్చుంటే ఆ సంగతి తెలుస్తుంది! మెమరీ ఫోమ్ వేడికి మెత్తబడుతుంది, చలికి గట్టిపడుతుంది. అందుకే అది ఒక్కటే వేయకుండా పై పొరగా మాత్రమే వాడుకోవడం మేలు.

వెనక వెడల్పు, ముందు సన్నం. ముందుభాగం కూడా వెడల్పు చేస్తే తొడలు విడిపోయి కాళ్లు నేలకి అందవు. సీటు ఎత్తు పెంచినా అదే ఇబ్బంది. బండి నిలబెట్టి, రెండు కాళ్లూ నేల మీద ఆనుతున్నాయో లేదో చూసుకున్నాకే పై కవరు కుట్టనివ్వండి.

కుట్లు ఎముకలు ఆనే చోట రాకూడదు. కుట్టు రంధ్రాల్లోంచి వాన నీరు దిగితే స్పాంజి పీల్చుకుంటుంది, రోజులు గడిచినా ఆరదు. రెక్సిన్ మరీ నున్నగా ఉంటే జారిపోతాం, మరీ గరుకైతే కదలలేం. దూర ప్రయాణంలో కాస్త కాస్త జరుగుతూ కూర్చునే వీలుండాలి.

పాత సీటుని కోయించకుండా, వీలైతే విడిగా ఇంకో సీటు కొని దాని మీద పని చేయించడం మంచిది. కుదరకపోయినా కనీసం ఒప్పందం ముందే చేసుకోండి. గంటన్నర నడిపి చూశాక ఒకసారి సరిచేసి ఇస్తానంటేనే పని అప్పగించండి. కొత్త సీటు మొదటి రోజుల్లో కొంచెం గట్టిగానే ఉంటుంది, వాడేకొద్దీ ఒంటికి అలవాటవుతుంది. తిమ్మిరి మాత్రం బండి దిగాక కూడా వదలకుండా ఉంటే సీటు మార్చడం కాదు, డాక్టర్ని కలవాలి.

వెనక కూర్చునేవాళ్ల మాటేమిటి?

సీటు కుట్టించేది ఆయన, కొలత ఇచ్చేది ఆయన, డబ్బిచ్చేదీ ఆయనే. వెనక సీటు ఎలా ఉండాలో ఆవిణ్ని అడిగేదెవరు? నడిపేవాళ్లకి పట్టుకోవడానికి హ్యాండిలుంది, గుంత ముందే కనిపిస్తుంది, ఒళ్లు బిగించుకోవచ్చు. వెనకున్నవాళ్లకి ఆ అవకాశం లేదు. దానికి తోడు ఈ మధ్య చాలా బండ్లకి వెనక సీటు అందం కోసం ఎత్తుగా, సన్నగా, తోకలా ఉంటోంది.

చీరలో ఒకవైపు కాళ్లు వేసి కూర్చుంటే బరువంతా ఒక పక్కకి పోతుంది, నడుం మెలి తిరుగుతుంది. అలా గంటల తరబడి పోవడం ఏ సీటు మీదైనా కష్టమే. దూర ప్రయాణానికి చుడీదార్ వేసుకుని రెండువైపులా కాళ్లు వేసి కూర్చోవడం నడుముకీ మంచిది, బండి నిలకడకీ మంచిది. వెనక సీటు చదునుగా, వెడల్పుగా, ముందుకి జారకుండా ఉండాలి. పాదాలు పూర్తిగా ఆనే ఫుట్‌రెస్టు ఉండాలి.

వెనక కూర్చునేవాళ్లకి చేతిపట్టు, ఫుట్‌రెస్టు, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రం సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం చెబుతోంది. సోకు కోసం శారీగార్డు పీకించేవాళ్లు, కొత్త సీటుకి అడ్డమని చేతిపట్టు తీయించేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇంకో మాట. 'సీటు కాస్త పొడుగ్గా కుట్టు, పిల్లలు కూడా పడతారు' అని అడిగేవాళ్లున్నారు. బండి మీద నడిపేవాళ్లు కాక ఇంకొక్కరే ఉండాలంటోంది చట్టం. నాలుగేళ్ల లోపు పిల్లలకి హెల్మెట్, పెద్దవాళ్లకి కట్టి ఉంచే రక్షణ పట్టీ ఉండాలని, వేగం గంటకి 40 కిలోమీటర్లు దాటకూడదని 2022లో నిబంధన తెచ్చారు. ఇద్దరు పిల్లలతో దూరపు ఊరికి బండి మీద వెళ్లడానికి తగిన సీటు ఎవరూ కుట్టలేరు. ఆ రోజుకి బస్సో రైలో ఎక్కడమే మంచిది.

దిగితేనే విశ్రాంతి

ఎంత మంచి సీటైనా కదలకుండా కూర్చున్న ఒంటికి విశ్రాంతి ఇవ్వలేదు. గంటకో గంటన్నరకో ఆపి, దిగి, నాలుగడుగులు వేసి, నీళ్లు తాగి మళ్లీ ఎక్కండి. ఆ పది నిమిషాల వల్ల ఊరు ఆలస్యమవుతుందేమో గానీ, ఇంటికి చేరాక మంచం పట్టాల్సిన పని ఉండదు.

ఈసారి సీటు చేయించాలనుకుంటే షాపుకి ఇద్దరూ కలిసి వెళ్లండి. నడిపి చూడటం ఒకరి పని. బాగుందో లేదో చెప్పడం ఇద్దరి పని!