వెళ్లిపోయే వీలుందా?

ఒక కంపెనీ సిమ్ ఉన్నవారు మరో కంపెనీ సిమ్ ఉన్నవారికి ఫోన్ చేయడం మనకు వింతగా తోచదు. 2011 జనవరి నుంచి దేశమంతటా నంబరు మారకుండానే కంపెనీని మార్చుకునే వీలు కూడా కలిగింది. ఈమెయిల్ స్వభావమూ ఇటువంటిదే. జీమెయిల్‌లో రాసిన ఉత్తరం యాహూలో ఉన్నవారికి చేరుతుంది. దానిని చేరవేసే నియమాలు 1982లోనే బహిరంగంగా వెలువడ్డాయి. అవి ఏ ఒక్కరి సొత్తూ కావు.

సామాజిక మాధ్యమాలలో అధిక భాగం ఇందుకు భిన్నమైనవి. వాటిని విడిచి వెళ్లదలచినవారు ఏళ్ల తరబడి అల్లుకున్న పరిచయాలను అక్కడే వదిలి వెళ్లాలి. తలుపు తెరిచే ఉంటుంది, కాని మనవాళ్లంతా లోపలే ఉంటారు. గల్ఫ్‌లోని కుమారుడు, హైదరాబాద్‌లోని కుమార్తె ఒకే గ్రూపులో కలుసుకుంటున్నప్పుడు తల్లి ఒక్కతే బయటికి రాగలదా? అందుకే నిబంధనలు మారినప్పుడల్లా చదవకుండానే అంగీకారం తెలుపుతున్నాం.

2004లో మొదలైన ఆర్కుట్ మన దేశంలో ఎంతో ఆదరణ పొందింది. 2014 సెప్టెంబరు 30న దానిని గూగుల్ మూసివేసింది. ఫొటోలను దించుకోవడానికి గడువు ఇచ్చింది. ఫొటోలు దక్కాయి, స్నేహితుల వరుసను మాత్రం ఎవరూ మరోచోటికి తరలించుకోలేకపోయారు.

ఇందుకు మరో మార్గం ఉంది. 2018లో వెబ్ ప్రమాణాలను నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ ‘యాక్టివిటీపబ్’ అనే బహిరంగ ప్రమాణాన్ని ఆమోదించింది. దానిని అనుసరించే మాస్టొడాన్‌లో వేర్వేరు సర్వర్లలోని వారు పరస్పరం మాట్లాడుకోగలరు. సర్వరు మారినా తమను అనుసరించేవారిని వెంట తీసుకువెళ్లగలరు. అయితే పాత రాతలు వెంట రావు. చిన్న సర్వర్లు మూతపడవచ్చు. దుర్భాషలను అదుపుచేసే బాధ్యత కూడా ఆయా నిర్వాహకుల ఓపికపైనే ఆధారపడుతుంది. బహిరంగమైనంత మాత్రాన ఏదీ నిర్దోషమైపోదు.

కాబట్టి హక్కు చట్టం ద్వారా రావాలి. పెద్ద సందేశ సేవలు, కోరిన ఇతర సేవలతో సందేశాలు ఇచ్చిపుచ్చుకోవాలని యూరోపియన్ యూనియన్ 2022లో చట్టం చేసింది. మన దేశంలో 2019 నాటి వ్యక్తిగత సమాచార బిల్లులో ఉన్న సమాచార బదిలీ హక్కు 2023 చట్టంలో కనిపించదు. ఈ లోటు పూడాలని మేము కోరుతున్నాం.

అంతవరకు మన జాగ్రత్త మనదే. ఆత్మీయుల నంబర్లను ఒక పుస్తకంలో రాసి ఉంచుకుందాం. ఫొటోల ప్రతులను ఇంట్లోనూ భద్రపరచుకుందాం. కొత్త వేదికలో చేరాలని పిల్లలు ముచ్చటపడినప్పుడు, అక్కడినుంచి వెళ్లిపోవలసి వస్తే ఏమేమి వెంట తెచ్చుకోగలమో ముందే వారితో కలిసి విచారిద్దాం.