నానో స్కాన్ క్యాంపుకు సంఘం నిధి ఇవ్వకూడదు



కాట్టుపల్లిలో ‘నానో ప్రోబ్’ క్యాంపు పెడతారట. ఒక్క ఇంజెక్షన్‌తో ఎముకల క్యాన్సరూ, లింఫు గ్రంథులకు పాకిన క్యాన్సరూ రెండూ చూపిస్తారట. ఆ కరపత్రం గ్రూపులో నాలుగుసార్లు తిరిగింది. వైద్య నిధి నుంచి డబ్బివ్వాలని కొందరు అడుగుతున్నారు. ఇవ్వకూడదన్నది మా మాట.

నానో అబద్ధమని కాదు. ఇనుప ఆక్సైడు నానో రేణువులను రక్తంలోకి ఎక్కిస్తే, బాగున్న గ్రంథిలోని కణాలు వాటిని మింగుతాయి. ఎంఆర్‌ఐలో ఆ గ్రంథి నల్లగా కనిపిస్తుంది. క్యాన్సర్ చేరిన చోటు మాత్రం నల్లబడదు. గ్రంథి ఉబ్బకముందే తెలుస్తుంది, అదీ దీని గొప్ప. 2003లో ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్న 80 మందికి ఫెరుమోక్స్‌ట్రాన్ ఇచ్చి చూశారు. మామూలు ఎంఆర్‌ఐ క్యాన్సర్ గ్రంథుల్లో 35 శాతమే పట్టుకుంటే, ఇది 90 శాతం పట్టుకుంది. అయినా యూరప్‌లో అనుమతి కోసం పెట్టిన దరఖాస్తును 2007లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. అంతటి మందుకే అక్కడ అంత కష్టమైతే, మన ఊరి షామియానాలోకి ఇంత సులువుగా ఎలా వచ్చింది?

పైగా అది గ్రంథుల సంగతి. ఎముకల స్కాన్‌కు వేరే మందు, టెక్నీషియం కలిపిన ఎండీపీ. నరానికి ఎక్కించి, రెండు మూడు గంటలు ఆగి, గామా కెమెరా కింద పడుకోబెడతారు. ఎముక కొత్తగా కట్టుకుంటున్న చోటల్లా మెరుస్తుంది, అది క్యాన్సరైనా, విరిగి అతుక్కుంటున్నదైనా, కీళ్ల అరుగుదలైనా. అందుకే ఆ ఒక్క బొమ్మ చూసి ఎవరూ క్యాన్సర్ అని తేల్చరు. ఆ మందులో రేడియేషన్ ఉంది, ఆరు గంటలకు సగమవుతుంది. లైసెన్సున్న న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలోనే చెయ్యాలి.

మోకాలి దగ్గర వాపు, రాత్రి నిద్ర లేపే నొప్పి ఉన్న పిల్లవాడికి ముందు కావలసింది ఎక్స్‌రే. అనుమానముంటే ఎంఆర్‌ఐ, ఆపైన బయాప్సీ. పుత్తూరు కట్టు మనవాళ్లకు కొత్త కాదు, కానీ దెబ్బ తగలకుండా వచ్చిన వాపుకు కట్టూ వద్దు, మర్దనా వద్దు. ‘సూది గుచ్చితే పాకుతుంది’ అని భయపెట్టేవాళ్లు మనలోనే ఉన్నారు. ఆ మాటతో వారాలు పోతాయి. పాటించాల్సిన జాగ్రత్త ఒక్కటే: సూది ఎక్కడ పెట్టాలో ఆపరేషన్ చేయబోయే డాక్టరే చెప్పాలి.

ముత్తులక్ష్మీరెడ్డి గారు 1954లో మొదలుపెట్టిన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మనకు ఒక పూట ప్రయాణం. మీంజూరులో రైలెక్కి వెళ్లే రోగికీ, తోడు వెళ్లేవారికీ చార్జీలు, భోజనం ఆ నిధి నుంచి ఇద్దాం.

క్యాంపు వాళ్లు ఏ మందు, ఎవరి లైసెన్సు, బొమ్మ చదివే డాక్టరెవరు అన్నది కాగితం మీద రాసి సంతకం పెట్టి తెస్తే కమిటీ ముందు పెడతాం.